రోడ్డు మీది పిల్లిని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు ముందు ఇది చదవండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మాది మద్దిలపాలెం. మా మావగారి టైమ్ నుంచీ మీ పేపరే వేయించుకుంటున్నాం. సిటీ పేజీలో వీధికుక్కల గురించి తరచూ రాస్తుంటారు, మంచిదే, కానీ పిల్లుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తట్లేదు. వానలు మొదలయ్యాయంటే చాలు మన వైజాగ్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్ చూసినా, ఏ కిరాణా కొట్టు బస్తాల వెనకాల చూసినా కూనల అరుపులే. పిల్లలు ట్యూషన్ నుంచి వస్తూ ఒకదాన్ని చేతిలో పట్టుకుని తెచ్చేస్తారు, ఇంట్లో వాళ్ళు పోన్లే పాపం అని గిన్నెలో పాలు పోస్తారు, అంతే, పిల్లిని పెంచుకుంటున్నాం అనుకుంటారు. తర్వాత నెల తిరక్కుండా ఏం జరుగుతోందో మా వీధిలోనూ మా చుట్టాల ఇళ్ళల్లోనూ చాలాసార్లు చూశాను కాబట్టే ఈ ఉత్తరం. కూనకి విరేచనాలు పట్టుకుంటాయి, లేదంటే పిల్లాడి మోచేతి మీద గుండ్రంగా తామర లేస్తుంది, లేదంటే ఎవరినో గీరేస్తుంది, ఇక 'దీన్ని ఎక్కడైనా వదిలేసి రండి' అని మొదలు. సంచిలో వేసి ఫిషింగ్ హార్బర్ దగ్గరో పూర్ణా మార్కెట్ దగ్గరో వదిలేసి వస్తారు, అక్కడ చేపలు దొరుకుతాయి బతికేస్తుందిలే అని.

అలా బతకడం చాలా కష్టమండి. ప్రతి పిల్లికీ తనదంటూ ఒక ఏరియా ఉంటుంది, ఏ గోడెక్కితే కుక్క అందదో, ఏ ఇంట్లో ఎన్నింటికి గిన్నెలు కడుగుతారో దానికి తెలుసు. కొత్త చోట దించేస్తే నీళ్ళెక్కడున్నాయో కూడా తెలీదు, పైగా అక్కడ అప్పటికే ఉన్న గండుపిల్లులు తరిమి తరిమి కొడతాయి. ఇంట్లో నెల రోజులు పెరిగి మనుషులంటే భయం పోయిన కూన అయితే పరిస్థితి ఇంకా ఘోరం. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం అని 1960 నాటిది ఒకటుంది, దాని 11వ సెక్షన్‌లో ఆకలికో దాహానికో అల్లాడే పరిస్థితిలో జంతువుని వదిలేయడం నేరమని స్పష్టంగా రాసుంది. కానీ మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల లోపే, అంతకు మించి లేదు. అప్పుడెప్పుడో పెట్టిన 50 రూపాయలు ఇప్పుడు ఎవరిని ఆపుతాయి చెప్పండి. అందుకే నేను చెప్పేదేంటంటే, ఆపాల్సింది చివర్లో కాదు, మొదట్లోనే. జాలి పడ్డం మంచిదే కానీ జాలిపడ్డాక చేయాల్సిన పనులకి ఒక వరస ఉంది, అది తప్పకుండా చేసేవాళ్ళే ఇంటికి తెచ్చుకోవాలి, చెయ్యలేనివాళ్ళు బయటే ఇంత తిండీ నీళ్ళూ పెట్టండి, అదీ పుణ్యమే.

ముందు చూడాల్సింది, అసలు ఆ కూన అనాథేనా అని. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, తల్లి నిజంగానే చోట్లు మారుస్తుంది, ఒకదాన్ని నోట కరుచుకెళ్ళి దించి ఇంకోదాని కోసం వెనక్కి వస్తుంది, మధ్యలో తిండి కోసం గంటల తరబడి పోతుంది కూడా. ఆ గ్యాప్‌లో మనం చూసి అయ్యో తల్లి లేదు అనుకుని ఎత్తుకొచ్చేస్తాం. మా పక్క వీధిలో కడుతున్న బిల్డింగ్‌లోంచి పిల్లలు ఇలాగే నాలుగు కూనల్ని పట్టుకెళ్ళిపోయారు. పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి 'ఏటమ్మా ఇది, ఆ తల్లి రాత్రంతా సెల్లార్లో ఏడుస్తానే ఉంది, పిల్లల్ని ఎవులో అట్టుకుపోనారు' అన్నాడు. ఆ పిల్లల తల్లిదండ్రులకి నచ్చజెప్పి కూనల్ని అట్టపెట్టెలో పాత తువ్వాలు వేసి మళ్ళీ అదే మెట్ల కింద పెట్టించాం, పెట్టి అందరం దూరం జరిగిపోయాం. చీకటి పడ్డాక తల్లి వచ్చింది, ఒక్కొక్కదాన్నీ వాసన చూసి, మెడ దగ్గర పట్టుకుని, గోడ మీద నుంచి వెనకింట్లోకి మోసుకుపోయింది. మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక దగ్గరికి రానివ్వదు అని చాలామంది అంటుంటారు, అది నిజం కాదండి.

కూన వయసు చూస్తే తెలిసిపోతుంది. కళ్ళు తెరవడానికే పుట్టాక 7 నుంచి 14 రోజులు పడుతుంది. 3, 4 వారాలకి పళ్ళు మొదలవుతాయి. 8 వారాల దాకా తల్లి దగ్గర ఉంటేనే మంచిది, పాలే కాదు, ఎంత గట్టిగా కొరకాలో గీరాలో కూడా తోబుట్టువులతో ఆడుకుంటేనే తెలుస్తుంది. తల్లికి ఏ బండో తగిలి చచ్చిపోయిందని ఖాయంగా తెలిస్తే అప్పుడు తీసుకోక తప్పదు, కానీ కళ్ళు తెరవని కూనని సాకడం అంటే రాత్రుళ్ళు కూడా రెండు మూడు గంటలకోసారి లేవాలి. చల్లబడిపోయి ఉన్న కూనకి వెంటనే పాలు పట్టేస్తారు, అది ప్రమాదం. ముందు వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టి ఒళ్ళు వెచ్చబడనివ్వాలి. పట్టేటప్పుడు పసిపాపలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు, బోర్లా ఉంచాలి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలంటే ప్యాకెట్ పాలు కావు, కూనల కోసమే పొడి దొరుకుతుంది. తాగాక తడి దూదితో కింద మెల్లగా తుడిస్తేనే ఒంటికి, రెంటికి పోతాయి, ఆ పని తల్లి నాలుకతో చేస్తుంది.

పెద్ద పిల్లి మీ గుమ్మం దగ్గరికి వచ్చి తిరుగుతోందంటే అది ఎవరిదో అయ్యుండొచ్చు. చుట్టుపక్కల నాలుగిళ్ళు అడగండి, కాగితం పట్టీ మీద మీ ఫోన్ నంబర్ రాసి మెడకి వదులుగా అతికించి పంపండి, ఎవరిదైనా అయితే ఫోన్ వస్తుంది. ఎడమ చెవి కొస కొంచెం కట్ చేసినట్టు తిన్నగా ఉంటే దానికి ఆల్రెడీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. మనిషిని చూడగానే చెవులు వెనక్కి పెట్టి బుస్సుమనేది, పుట్టినప్పటి నుంచి బయటే తిరిగింది, దాన్ని బలవంతంగా ఫ్లాట్‌లో పెట్టి తలుపేస్తే అది మంచం కిందే బతుకు గడుపుతుంది. అలాంటిదానికి ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, ఉన్నచోటే ఉంచి రోజూ తిండి పెట్టడమే దానికి చేసే మేలు. ఇంకో మాట, ఎండాడ, మధురవాడ వైపు, కంబాలకొండ అడవి ఆనుకుని ఉన్న లేఅవుట్లలో ఉండేవాళ్ళకి ముఖ్యంగా చెప్తున్నా, ఆ కొండల్లో అడవి పిల్లులు కూడా ఉంటాయి, వాటి కూనలు చూడ్డానికి మామూలు కూనల్లాగే ఉంటాయి. పొదల్లో దొరికిందని తెచ్చేసుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెంచకూడదు, ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

ఇక పట్టుకోవడం. చేతులతో పట్టుకోవద్దు, గోనెసంచి మీద వేసి నొక్కొద్దు. పక్కల గాలి ఆడే మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టో, పిల్లుల క్యారియరో లోపల రోజూ కాస్త తిండి పెడుతూ ఉంటే నాలుగు రోజులకి దానంతటదే లోపలికెళ్ళి తింటుంది, అప్పుడు మూత వేసి మీద తువ్వాలు కప్పేస్తే చీకటికి సర్దుకుంటుంది, ఆటోలో కూడా గోల చెయ్యదు.

ఇక్కడ రేబిస్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, వేసేటప్పుడు మిగతాది కట్ చేసినా ఇది మాత్రం చెయ్యకండి. రేబిస్ కుక్క కరిస్తేనే వస్తుంది అని మన దగ్గర చాలామంది గట్టిగా నమ్ముతారు. పిల్లి కరిచినా, గీరినా రావచ్చు. లక్షణాలు మొదలయ్యాక మందు లేదు, అంతే. అందుకే పిల్లి చిన్నగా గీరినా వెంటనే కుళాయి తిప్పి ఆ ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ కడగండి, 15 నిమిషాలు మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. పసుపు, కారం, కాఫీ పొడి, సున్నం ఏవీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. తర్వాత అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలెట్టాలి, కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వేస్తారు, దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడిగినా చెప్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకి, కండకి వేసే పద్ధతిలో అయితే మధ్యలో 14వ రోజు కూడా ఉంటుంది. పన్ను దిగి రక్తం వస్తే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ వైరస్‌ని వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా వెయ్యాలి, వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి. కరిచిన పిల్లిని 10 రోజులు గమనించమంటారు కదా, అది నిజమే, కానీ ఆ 10 రోజులూ అయ్యాక టీకా మొదలెడదాంలే అని ఆగకూడదు, టీకా ముందు మొదలైపోవాలి. రేబిస్ సంగతి అలా ఉంచినా పిల్లి పన్ను సూదిలా లోపలికి దిగుతుంది, పైన చుక్కంత కనిపిస్తుంది, మర్నాటికి చెయ్యంతా వాచిపోతుంది.

పిల్లల దగ్గర ఇంకో సమస్య ఉంది. తిడతారని చెప్పరు. మా బంధువులబ్బాయి చొక్కా చేతులు కిందికి లాక్కుని రెండు రోజులు తిరిగాడు, స్నానం చేయించేటప్పుడు వాళ్ళ నాన్నమ్మ మణికట్టు దగ్గర గీతలు చూసి అడిగితే అప్పుడు ఏడుస్తూ చెప్పాడు, చెప్తే పిల్లిని పారేస్తారని భయపడ్డాడట పాపం. పిల్లలకి ముందే చెప్పండి, నువ్వు చెప్తే నిన్నూ తిట్టం, పిల్లినీ పారెయ్యం అని, ఆ మాట మీద నిలబడండి కూడా.

పిల్లిని పట్టుకున్నాక ఇంటికి కాదు, ముందు పశువుల డాక్టర్ దగ్గరికి. చెవిలో కాఫీ పొడిలా నల్లటి మురికి ఉంటే పురుగులు, రోమాల్లో మిరియాల పొడిలా కనిపిస్తే గోమార్ల పెంట, అక్కడక్కడా జుట్టు ఊడి గుండ్రంగా పొలుసులుంటే తామర, అది మనుషులకి అంటుకుంటుంది, ముఖ్యంగా చిన్నపిల్లలకి. ఇవన్నీ మందుకి తగ్గేవే, ఇవి చూసి పిల్లిని వదిలేయాల్సిన పని లేదు. కడుపులో పురుగులకి మందు ఒక్కసారి వేస్తే సరిపోదు, మళ్ళీ ఎప్పుడు వెయ్యాలో డాక్టరే బరువు చూసి చెప్తారు. ఇంట్లో అప్పటికే పిల్లి ఉంటే ఎఫ్ఐవీ, ఎఫ్ఈఎల్వీ అనే పిల్లుల వైరస్‌లకి రక్తపరీక్ష ఉంటుంది, అది కూడా అడగండి, ఇవి మనుషులకి రావు, పిల్లి నుంచి పిల్లికే.

అన్నిటికంటే భయపడాల్సింది క్యాట్ పార్వో. పాన్‌ల్యూకోపీనియా అంటారు. కూన నిన్నటిదాకా గెంతుతూనే ఉంటుంది, ఇవాళ మూలకి చేరుతుంది, వాంతులు, విరేచనాలు, నీళ్ళ గిన్నె మీదికి తల వేలాడేసుకుని కూర్చుంటుంది కానీ తాగలేదు. మా పై ఫ్లోర్ వాళ్ళింట్లో ముద్దుగా పెంచుకుంటున్న పిల్లి ఉండేది, ఇంట్లోంచి కదలదు కదా దానికెందుకు టీకా అని వేయించలేదు, బయట నుంచి ఇంకో కూనని తెచ్చారు, వారం లోపల రెండూ పోయాయి, ఆ పాప చాలా రోజులు మా ఇంటికి రావడం మానేసింది, మా పిల్లుల్ని చూస్తే ఏడుపొస్తోందని. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా కూడా బతికి ఉండగలదు, చెప్పుల మీద కూడా లోపలికొస్తుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో కడిగి, తర్వాత మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. కానీ టీకా ఉంది. 6 నుంచి 8 వారాల వయసులో మొదలెట్టి 3, 4 వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా వేస్తారు, రేబిస్ టీకా 12 వారాలకి. ఒక డోస్ వేయించి ఐపోయింది అనుకోకండి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ కూనలో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు, అది ఏ వారంలో పోతుందో ఒక్కో కూనకి ఒక్కోలా ఉంటుంది, అందుకే మళ్ళీ మళ్ళీ వేస్తారు.

ఇంటికి తెచ్చాక రెండు వారాలు విడిగా ఒక గదిలో ఉంచాలి. మన రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో గది ఎక్కడిది అంటారా, వాడని బాత్రూమ్ అయినా, తలుపున్న వాష్ ఏరియా అయినా చాలు. తిండి గిన్నె ఒక మూల, ఇసుక టబ్ దానికి దూరంగా ఇంకో మూల, దాక్కోడానికి అట్టపెట్టె. లిట్టర్ కొనలేకపోతే ఇల్లు కట్టే ఇసుక జల్లించి ఎండబెట్టి పొయ్యండి. మొదటి రోజుల్లో అది వాషింగ్ మెషీన్ వెనక్కి దూరిపోయి బయటికే రాదు, చీపురుతో కెలకొద్దు, చెయ్యి పెట్టి లాగొద్దు. మా చిన్న పిల్లి అలాగే గ్యాస్ సిలిండర్ వెనకాల కూర్చుంది, కళ్ళు మాత్రమే కనిపించేవి, రాత్రి మేము లైట్లు ఆపాక తిని మళ్ళీ అక్కడికే పోయేది. నేను ఏం చెయ్యలేదు, కూరగాయల బుట్ట పట్టుకెళ్ళి అక్కడే నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేదాన్ని, దానివైపు సూటిగా చూడకుండా. చూసినా కళ్ళు నెమ్మదిగా మూసి తెరిచేదాన్ని, పిల్లుల్లో అది నీతో గొడవలేదు అని చెప్పడం. ఒకరోజు ఒక ఈనె కింద పడితే పంజా ఒక్కటి బయటికి వచ్చింది, ఈనెని లోపలికి లాక్కుంది, మళ్ళీ వచ్చింది. తర్వాత తర్వాత అదే వచ్చి చీర కుచ్చిళ్ళ మీద కూర్చోవడం మొదలెట్టింది. ఇంట్లో వేరే పిల్లి ఉంటే ఒకేసారి ఎదురెదురు పెట్టకండి, ఒకదాని మీద రుద్దిన తువ్వాలు ఇంకోదాని గిన్నె కింద వెయ్యండి, వాసన అలవాటయ్యాకే చూపించండి.

తిండి దగ్గరే మనవాళ్ళు ఎక్కువ పొరబడతారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అనే సామెత వల్లో ఏమో పిల్లి అంటే పాలే అనుకుంటాం. చాలా పిల్లులకి పాలు మానాక పాలలోని చక్కెర అరగదు, ఆవు పాలు, గేదె పాలు పోస్తే విరేచనాలు, చిన్న కూన అయితే ఆ విరేచనాలకే నీరసించి పోతుంది. పెరుగన్నం కూడా పిల్లి తిండి కాదు. పిల్లి మాంసం తిని బతికే జంతువు, టారిన్ అనే పోషకం దాని ఒంట్లో చాలినంత తయారవదు, మాంసం చేపల నుంచే రావాలి, అది అందకపోతే చూపు పోతుంది, గుండె జబ్బు వస్తుంది. కుక్కల బిస్కెట్లూ కుక్కల ఫుడ్డూ కూడా అందుకే పనికిరావు. మా ఇంట్లో నీచు వండం కదా అనేవాళ్ళు పిల్లుల డ్రై ఫుడ్ ప్యాకెట్ కొనండి, అది కూడా ఇంట్లోకి రానివ్వం అంటే మాత్రం దయచేసి పిల్లిని తెచ్చుకోవద్దు, మీ ఆచారం మీది, దాని ఒంటి తీరు దానిది. మన ఊళ్ళో చేపలకి లోటేముంది, జాలరిపేట నుంచి తట్టలో నెత్తళ్ళో కానాగంతలో తెచ్చే ఆవిడ దగ్గర తీసుకుని, ఉప్పూ కారం ఉల్లీ వెల్లుల్లీ ఏమీ లేకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెట్టండి. కానీ రోజూ ఉట్టి చేపే పెట్టకూడదు, పచ్చి చేప అసలు పెట్టకూడదు. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తాన్ని పాడు చేస్తాయి కాబట్టి కూర మిగిలింది కదా అని పులుసన్నం కలిపి వెయ్యకండి.

ఇంట్లో మనం మామూలుగా వాడే సామాన్లే దానికి విషం. ఫినాయిల్, డెట్టాల్ వేసి తుడిచిన తడి నేల మీద నడిచి పంజాలు నాక్కుంటుంది, పిల్లి లివర్ వాటిని విరగ్గొట్టలేదు. నేల ఆరేదాకా దాన్ని వేరే గదిలో పెట్టండి, దాని గదిలో ఉట్టి సబ్బునీళ్ళే వాడండి. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ చిదిమి పెడతారు కొందరు, ఒక్క మాత్ర చాలు పిల్లి చచ్చిపోడానికి. కుక్కల గోమార్ల మందులు కొన్నింట్లో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది, అది పిల్లికి రాస్తే వణుకుతూ ఫిట్స్ వస్తాయి. బీరువాలో కలరా ఉండలు, పూజగదిలో కర్పూరం అందకుండా పెట్టండి. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలు కిడ్నీలని పాడు చేస్తాయి, దండల్లో కట్టే మన లిల్లీ కాదు. మల్లెపూల దారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పూలు వాడిపోయాక దారం అక్కడే పడేస్తాం, పిల్లి దాంతో ఆడుతూ ఆడుతూ మింగేస్తుంది, దాని నాలుక మీద ముళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి, నోట్లోకి వెళ్ళిన దారం బయటికి రాదు, లోపలికే పోతుంది, పేగుల్ని కుచ్చిళ్ళలా ముడిచేస్తుంది. నోట్లోంచి కానీ వెనక నుంచి కానీ దారం కొస కనిపిస్తే లాగొద్దు, పేగు తెగిపోతుంది, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. దిష్టి తగలకుండా అని మెడకి నల్లతాడు కడతారు చూడండి, అదీ అంతే. కూన పెరుగుతుంది, తాడు పెరగదు. మా వీధి చివర తిరిగే ఒకదానికి తాడు చర్మంలోకి దిగిపోయి చీము పట్టింది, పైన జుట్టు కప్పేసి ఎవరికీ కనిపించలేదు, వాసన వస్తోందని చూస్తే బయటపడింది.

బాల్కనీ ఉన్నవాళ్ళు వల వేయించుకున్నాకే పిల్లిని తెచ్చుకోండి. మన సిటీలో పావురాల కోసం నైలాన్ వల చాలామంది కట్టిస్తున్నారు, అది కొంతకాలానికి ఎండకీ సముద్రపు గాలికీ పెళుసైపోతుంది, పిల్లి గోళ్ళకి ఆగదు, అప్పుడప్పుడు లాగి చూస్తుండండి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ళ మీదే పడుతుంది ఏం కాదు అనేది నమ్మొద్దు, దవడలు పగిలి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవి ఎన్నో వస్తుంటాయని డాక్టర్లు చెప్తారు. వాషింగ్ మెషీన్ ఆన్ చేసేముందు లోపల చెయ్యి పెట్టి చూడండి, వానల్లో కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి, వెచ్చగా ఉంటుందని ఇంజిన్ పక్కన దూరి పడుకుంటాయి.

కోడలు నెల తప్పిందని తెలియగానే ఎన్నో ఇళ్ళల్లో పిల్లిని బయటికి పంపేస్తున్నారు. పిల్లి మలం నుంచి వచ్చే టాక్సోప్లాస్మా అని డాక్టర్ ఏదో అన్నారట, పెద్దవాళ్ళు హడలిపోతారు. అది నిజంగా ఉన్న జబ్బే, గర్భంలో బిడ్డకి ప్రమాదమే, కానీ పిల్లి దాన్ని విసర్జించేది సాధారణంగా జీవితంలో మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలే. ఆ మలం కూడా ఒక రోజు నుంచి ఐదు రోజులు నిల్వ ఉంటే తప్ప అంటించదు. కాబట్టి ఇసుక టబ్ రోజూ శుభ్రం చెయ్యాలి, ఆ పని కడుపుతో ఉన్న అమ్మాయి కాకుండా ఆవిడ భర్త చెయ్యాలి, పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు, బయట తిరగనివ్వకూడదు. ఈ జబ్బు మనకి సరిగ్గా ఉడకని మాంసం నుంచి, కడగని కూరగాయల నుంచి, తోటపని మట్టి నుంచి కూడా వస్తుంది, వాటిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఉబ్బసం ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు ముందే పిల్లి ఉన్న స్నేహితుల ఇంటికి కొన్నిసార్లు వెళ్ళి కూర్చుని చూసుకోవాలి, తెచ్చుకున్నాక కాదు.

ఆపరేషన్ సంగతి చివర్లో రాస్తున్నాను కానీ నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకొచ్చేయగలదు, మనకి అది ఇంకా కూనలాగే కనిపిస్తుంటుంది. కడుపుతో ఉండేది 63 నుంచి 65 రోజులు. ఏడాదికి రెండు మూడు ఈతలు. ఒకసారైనా తల్లి కానివ్వాలి, లేకపోతే ఉసురు తగులుతుంది అని మా అత్తగారి వయసు వాళ్ళు అంటారు, వాళ్ళ మనసు నాకర్థమవుతుంది. కానీ ఆ పుట్టిన నాలుగైదింటిలో సెల్లార్లో చచ్చిపోయేవాటి ఉసురు కూడా ఉంటుంది కదండీ. ఆపరేషన్ అయిన ఆడపిల్లికి గర్భసంచి చీము పట్టే జబ్బు రాదు, మొదటి ఎదకి ముందే చేయిస్తే రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. మగదానికి చేయిస్తే గోడలకి ఆ ఘాటు వాసన మూత్రం కొట్టడం, రాత్రంతా కొట్లాడి చెవులు చింపుకుని రావడం తగ్గుతాయి. టీకా కోసం వెళ్ళినప్పుడే ఎప్పుడు చేయించాలో, ఎంత అవుతుందో అడిగి తారీకు రాయించుకోండి. ఖర్చు భరించలేం అనుకునేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్న విశాఖ ఎస్పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలకి ముందు ఫోన్ చేసి అడగొచ్చు, చెప్పాపెట్టకుండా పిల్లిని వాళ్ళ గేటు దగ్గర వదిలేసి రావడం మాత్రం చెయ్యకండి, అది కూడా పారేయడమే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళకి కూడా ఒక మాట, సెల్లార్లో పిల్లులు ఎక్కువైపోయాయని మీటింగ్ పెట్టి మున్సిపాలిటీ వాళ్ళని పిలిచి పట్టించెయ్యండి అంటారు, పట్టించినా ఆ ఖాళీలోకి పక్క వీధి పిల్లులు వచ్చేస్తాయి. అదే ఫ్లాట్‌కి కొంచెం చొప్పున వేసుకుని ఉన్నవాటికి ఆపరేషన్లు చేయిస్తే కొత్త కూనలు ఆగుతాయి, ఉన్నవి ఎలుకల్ని చూసుకుంటాయి. నల్లపిల్లి ఎదురొచ్చిందని వెనక్కి తిరిగి వెళ్ళేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా చాలామందే ఉన్నారు, ఆ నల్లకూనల్నే ఎవరూ తీసుకోవట్లేదు, మా పెద్దది నల్లదే, మా ఇంట్లో దానివల్ల ఏ కీడూ జరగలేదు.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఏటా జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించిన రోజు) అని ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా వేయించారు, దానికి గుర్తుగా. మర్నాడు పేపర్లో కుక్కలతో క్యూలో నిలబడ్డవాళ్ళ ఫోటో వస్తుంది, కానీ అప్పటికి టీకాల రోజు ఐపోయింది కదా, చదివి ఏం లాభం. ఈసారి వారం ముందే సిటీ పేజీలో వెయ్యండి, గాజువాక, గోపాలపట్నం, మధురవాడ వాళ్ళకి దగ్గర్లో ఏ ఆసుపత్రి, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, పిల్లుల్ని తీసుకెళ్తే వాటికీ వేస్తారా, ఎంత వయసు నిండాలి, ఇవి మీ రిపోర్టర్ చేత అడిగించి రాయండి. దాని పక్కనే చిన్న బాక్సులో 15 నిమిషాల సబ్బు నీళ్ళ సంగతి కూడా వేస్తే మేం కత్తిరించి మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన అతికించుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మద్దిలపాలెం, విశాఖపట్నం